నివాస స్థలంలో విడి కారు షెడ్డు: కట్టక ముందే చూసుకోవలసినవి

తెలుగు నాట ఇంటి స్థలాన్ని గజాల్లోనో సెంట్లలోనో చెప్పుకొంటారు. బెంగళూరుకు వచ్చేసరికి కొలత అడుగులకు మారి, స్థలం ‘సైటు’ అవుతుంది. ఇక్కడ అందరి నోటా వినిపించే ‘ముప్పై–నలభై’ సైటు 1200 చదరపు అడుగులు. గజాల్లో చూస్తే 133, సెంట్లలో రెండుముప్పావు. ‘నలభై–అరవై’ సైటు దాదాపు 267 గజాలు, అంటే అయిదున్నర సెంట్లు. ఊరిలో ఇదే కుటుంబానికి పది, పదిహేను సెంట్ల దొడ్డి ఉండి ఉండవచ్చు. ఆ దొడ్డిలో ఒక మూల బండి సావిడో, పశువుల కొట్టమో వేసుకొనేవారు. నాలుగు గుంజలు పాతి పైన తాటాకు కప్పుకోవడానికి ఎవరి అనుమతీ అడిగే అవసరం ఉండేది కాదు. నగరంలో స్థిరపడిన తరువాత బండి పోయి కారు వచ్చింది గాని, ‘మన స్థలంలో మనం షెడ్డు వేసుకొంటే ఎవరికేమి?’ అన్న ఆలోచన మాత్రం ఊరి నుంచి వెంట వచ్చింది.

చిక్కులకు మూలం ఆ ఆలోచనే. విడి కారు షెడ్డు, అంటే ఇంటికి అంటకుండా అదే ఆవరణలో వేరుగా కట్టే షెడ్డు, చూడటానికి చిన్న పని. ఇనుప పైపులు నిలబెట్టి రేకులు బిగించేవారు రెండు రోజుల్లో ముగించి వెళ్ళిపోతారు. అయినా నియమాల దృష్టిలో అదీ కట్టడమే. దానికి ఒక స్థానం, ఒక ఎత్తు, ఒక అనుమతి ఉన్నాయి. స్థలంలో ఏ భాగంలో కట్టడానికి వీలున్నదో మొదట తెలుసుకోవాలి. ఆ భాగంలోకి కారు వెళ్ళగలదో లేదో తరువాత చూడాలి. ఇటుకా, రేకా, షట్టరా అన్న ప్రశ్న చివరిది. సాధారణంగా జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు.

ఖాళీగా కనబడేది ఖాళీ కాదు

ఇంటి నాలుగు వైపులా ప్రహరీ వరకు విడిచిపెట్టవలసిన జాగాను సెట్‌బ్యాక్ అంటారు. స్థలం కొలతను, ఇంటి ఎత్తును, ఎదురుగా ఉన్న రోడ్డు వెడల్పును బట్టి ఎంత విడవాలో పట్టిక నిర్ణయిస్తుంది. ఈ పట్టికలు అప్పుడప్పుడు సవరణకు లోనవుతాయి కనుక, ఇల్లు కట్టిన నాటి అంకెలను ఇప్పటి షెడ్డుకు ప్రమాణంగా తీసుకోరాదు.

సెట్‌బ్యాక్ యజమాని సొంత భూమే. దానికి ఆయన పన్ను కడుతున్నాడు. కాని అక్కడ ఆయన హక్కు వాడుకొనే హక్కే గాని కట్టుకొనే హక్కు కాదు. రెండు ఇళ్ళ మధ్య గాలి ఆడటానికి, గదుల్లో వెలుతురు పడటానికి, నిప్పు అంటుకొంటే ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి పాకకుండా ఉండటానికి, ఆపద వేళ మనిషి చుట్టూ తిరిగి వెనుకకు చేరటానికి ఆ సందు ఉన్నది. పక్కింటివారు కూడా తమ వైపు అంతే జాగా విడిచి ఉంటారు. ఒకరు తమ వంతు కప్పేస్తే ఇద్దరి గాలీ సగమవుతుంది. పక్క సందు మీద రేకులు వేసి ప్రహరీకి ఆనించి కారు నిలిపే ఏర్పాటు నగరమంతటా కనబడుతుంది. ఎక్కువ చోట్ల ఉన్నంత మాత్రాన అది అనుమతి పొందినదని భావించడం పొరపాటు.

ఇటువంటి కట్టడాల మీద ఫిర్యాదు సాధారణంగా పక్కింటి నుంచే వస్తుంది. అప్పుడు నగరపాలిక నోటీసు ఇస్తుంది, తొలగించమంటుంది. తరువాత ఎప్పుడో రుసుము కట్టి క్రమబద్ధం చేసుకోవచ్చునన్న నమ్మకంతో కట్టేవారున్నారు. కర్ణాటకలో అందుకోసం తలపెట్టిన ‘అక్రమ–సక్రమ’ పథకం మీద 2017 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానం స్టే విధించింది. అదే న్యాయస్థానం మీరట్ నగరానికి చెందిన ఒక వ్యాజ్యంలో 2024 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పు మరింత స్పష్టమైనది. ఏళ్ళు గడిచాయనో, డబ్బు ఖర్చయిందనో, అధికారులు ఊరుకొన్నారనో అక్రమ కట్టడానికి రక్షణ దొరకదని, నిర్మాణం అనుమతి ప్రకారం ముగిసిందన్న ధ్రువపత్రం చూశాకే కరెంటు, నీరు వంటి సేవలు ఇవ్వాలని ఆ తీర్పు ఆదేశించింది. లక్ష రూపాయల షెడ్డు కోటి రూపాయల ఇంటి కాగితాలకు మచ్చ తెచ్చే అవకాశం ఇక్కడే ఉంది. ఇల్లు అమ్మేటప్పుడు, బ్యాంకు అప్పుకు వెళ్ళినప్పుడు కాగితం మీది ప్లానుతో నేల మీది కట్టడాన్ని పోల్చి చూస్తారు.

చెరువులు, రాజకాలువల సమీపాన ఉన్న సైట్లకు మరొక హద్దు ఉన్నది. 2015 సవరించిన మాస్టర్ ప్లాను చెరువు అంచు నుంచి 30 మీటర్లు, మొదటి తరగతి రాజకాలువ మధ్యరేఖ నుంచి 50, రెండవ తరగతికి 25, మూడవ తరగతికి 15 మీటర్లు కట్టడాలు లేకుండా విడవాలని నిర్దేశించింది. ఇంటి పక్కన పారే సన్నని కాలువ ఏ తరగతికి చెందినదో తెలియకుండా, దాని వైపే షెడ్డు తలపెట్టడం సాహసం.

ఎంత సైటులో కుదురుతుంది

‘నేషనల్ బిల్డింగ్ కోడ్’గా పిలిచే జాతీయ భవన నిర్మాణ నియమావళి సొంత వాడుకకు కట్టే గ్యారేజీకి కొన్ని కనీస కొలతలు చెబుతుంది. లోపలి వైశాల్యం 3 మీటర్లు, 6 మీటర్లు, ఎత్తు 2.4 మీటర్లు, నేలమట్టం చుట్టూ ఉన్న భూమి కంటే 150 మిల్లీమీటర్లు పైన. వీధికి ఎదురుగా ఇల్లు ఏ గీత వద్ద మొదలవుతుందో గ్యారేజీ ఆ గీతకు వెనుక ఉండాలి, ఇంట్లోకి పోయే దారికి అడ్డు రాకూడదు. రెండు వీధులు కలిసే మూల స్థలమైతే, ఆ కూడలికి ఎదురుమూలలో ఉండాలి. ఈ నియమావళి దేశానికంతటికీ నమూనా వంటిది. స్థానిక నియమం వేరుగా ఉంటే స్థానిక నియమానిదే పైచేయి. అయినా ఆలోచన మొదలుపెట్టడానికి ఈ కొలతలు మంచి ఆధారం.

మూడు మీటర్ల వెడల్పు ఎందుకన్నది లెక్క వేస్తే తెలుస్తుంది. చిన్న కారు వెడల్పు 1.7 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. రెండు వైపులా తలుపు తెరిచి మనిషి దిగడానికి చెరొక 60, 65 సెంటీమీటర్లు కావాలి. ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారుంటే ఆ మూడు మీటర్లూ ఇరుకే. నాలుగు మీటర్ల లోపు కారు ఉన్నదని షెడ్డు లోతును నాలుగున్నరకు కుదించేవారు, పదేళ్ళ తరువాత కారు మారుతుందన్న సంగతి మరిచిపోతారు. కారు ఆయుష్షు కంటే గోడ ఆయుష్షు ఎక్కువ.

పద్దెనిమిది చదరపు మీటర్లంటే ఇరవై ఒకటిన్నర గజాలు. పెద్దదిగా తోచదు. మరిచిపోయేది దారి. విడి షెడ్డు ఇంటి వెనుక మూలన ఉంటే, గేటు నుంచి అక్కడి దాకా మూడు మీటర్ల వెడల్పున దారి విడవాలి. నలభై–అరవై సైటు లోతు సుమారు 18.3 మీటర్లు. వెనుక ప్రహరీకి ఒక మీటరు విడిచి, ఆరు మీటర్ల షెడ్డు కడితే, దారి పొడవు 11 మీటర్ల పైమాట. దారి 34 చదరపు మీటర్లు, షెడ్డు 18. మొత్తం 52 చదరపు మీటర్లు, దాదాపు 62 గజాలు. 223 చదరపు మీటర్ల స్థలంలో ఇది నాలుగో వంతుకు కొంచెం తక్కువ. దారిలో కొంత ఎలాగూ సెట్‌బ్యాక్‌గా విడవవలసిందే కనుక, ఈ పరిమాణంలో విడి షెడ్డు ఆలోచించదగినదే.

ముప్పై–నలభై సైటులో ఇదే లెక్క వేస్తే కారు కోసం పోయేది 33 చదరపు మీటర్ల పైచిలుకు, స్థలంలో 30 శాతం. 9.1 మీటర్ల వెడల్పులో దారికి మూడు, అవతలి పక్క సందుకు ఒకటి పోతే ఇంటికి మిగిలే వెడల్పు అయిదు మీటర్ల చిల్లర. అంత చిన్న స్థలంలో విడి షెడ్డు కోసం పట్టుబట్టడం తెలివైన పని కాదు. స్తంభాల మీద ఇల్లు లేపి, అడుగున కారు నిలిపే పద్ధతే దానికి తగినది. పాత ఇల్లు ఉండి, దానిని కదిలించే వీలు లేనివారు పైకప్పు లేకుండా గేటు లోపల గట్టి నేల వేసుకొని కారు నిలుపుకొంటే సరిపోతుంది. కారుకు ఎండ తగిలినంత మాత్రాన కొంప మునిగేదేమీ లేదు.

వాస్తు ప్రస్తావన లేకుండా తెలుగు ఇంట గుంజ పాతరు. వాహనానికి వాయవ్యం మేలని, ఆగ్నేయం ఫరవాలేదని, ఈశాన్యంలో బరువు పనికిరాదని, షెడ్డు ప్రహరీకి తగలరాదని చెబుతారు. నగరపాలిక నియమాలకు దిక్కులతో నిమిత్తం లేదు. వీధి ఎటున్నది, హద్దు ఎక్కడున్నది అన్నవే వాటికి లెక్క. కనుక క్రమం ఇది: నియమాలు అనుమతించే చోట్లు ఏవో ఇంజనీరు చేత గీయించుకొని, వాటిలో నుంచి వాస్తుకు నప్పేది ఎంచుకోవాలి. సిద్ధాంతి గుర్తించిన మూలకు తరువాత అనుమతి తెచ్చుకోవడం వీలుపడే పని కాదు. ప్రహరీకి తగలరాదన్న మాటలో మాత్రం వాస్తుశాస్త్రజ్ఞుడూ ఇంజనీరూ ఏకాభిప్రాయంతో ఉన్నారు. ఎక్కువ ప్రహరీలు తమ బరువు తాము మోయడానికి కట్టిన పలుచని గోడలు. వాటి మీద పైకప్పు దూలం ఆనించితే గాలివాన రోజున రెండూ కలిసి పడతాయి.

ముగ్గు పోసి చూడటం

పునాది తవ్వే ముందు మేస్త్రీ ముగ్గు పోయడం అందరికీ తెలిసిన ఆచారం. విడి షెడ్డుకు ఆ ముగ్గును రెండు వారాల ముందే పోసుకోవడం మంచిది. షెడ్డు బయటి గోడల గీత, దారి అంచులు, షట్టరు వచ్చే చోటు సున్నంతో గుర్తించి, మూలల్లో నాలుగు ఖాళీ డబ్బాలు నిలబెట్టి, కారును రోజూ ఆ గీతల లోపలే తెచ్చి పెట్టి తీయాలి. ఇంట్లో కారు నడిపేవారందరూ ఒక్కొక్కసారి చేసి చూడాలి. రాత్రి పూట ఒకసారి, వాన పడినప్పుడు ఒకసారి చేయాలి. డబ్బా ఎన్నిసార్లు పడుతుందో, గోడ అన్నిసార్లు గీసుకొంటుందని అర్థం.

ఈ పరీక్షలో ముందుగా బయటపడేది గేటు ఇరుకు. వీధి ముప్పై అడుగులదైతే మూడు మీటర్ల గేటులోకి కారు మలుపు తిరగవచ్చు. ఇరవై అడుగుల వీధిలో, ఎదుటివారి కారు అవతలి అంచున నిలిచి ఉంటే, అదే గేటు చాలదు. గేటు వెడల్పు పెంచడమో, గేటును రెండడుగులు లోపలికి జరపడమో అప్పుడే తేల్చుకోవాలి. రెండవది వెనుకకు నడిపే దూరం. లోపల తిప్పుకొనే జాగా లేకపోతే పదకొండు మీటర్లు రోజూ వెనుకకు నడిపి వీధిలోకి రావాలి. పిల్లలు ఆడుకొనే వీధి అయితే ప్రహరీ గేటు వద్ద పొట్టిగా ఉండటం, చూపుకు అడ్డమైన చెట్టూ చేమా లేకుండా ఉండటం ముఖ్యం.

గేటు బయట వాలు కట్టడం మరొక అలవాటు. షెడ్డు నేల ఎత్తు పెంచి, ఆ వాలును కాలిబాట మీదుగా, మురుగు కాలువ మీదుగా రోడ్డులోకి దింపుతారు. కాలిబాట, కాలువ నగరానివి. వాలంతా గేటు లోపలే ముగియాలి. 150 మిల్లీమీటర్ల ఎత్తుకు పదికి ఒకటి చొప్పున వాలు ఇస్తే ఒకటిన్నర మీటర్లు చాలు. దానికి వెలుపలి జాగా అక్కరలేదు. కాలువను కప్పిన వాలు వానాకాలంలో వీధి నీటిని తిరిగి ఆ ఇంటి గేటుకే మళ్ళిస్తుంది.

నేల కింద ఉన్నవి, తల మీద ఉన్నవి

బెంగళూరు ఇళ్ళలో నేల కింద చాలా ఉంటాయి. నీటి సంపు, బోరుబావి, మురుగు గొట్టాలు, వాటిని శుభ్రం చేయడానికి విడిచిన చాంబర్లు. షెడ్డుకు అనువుగా కనిపించే పక్క సందులోనే ఇవన్నీ సాధారణంగా పోగవుతాయి.

సంపు మూత పలక మనుషులు నడవడానికి వేసినదా, కారు బరువుకు వేసినదా అన్నది పాత ఇళ్ళలో ఎవరికీ తెలియదు. ఇంజనీరు చూసి చెప్పే వరకు దాని మీదుగా దారి వేయరాదు. టన్నున్నర కారు నాలుగు చక్రాల మీద నిలిచినప్పుడు పలక మీద పడేది పరచిన బరువు కాదు, నాలుగు చోట్ల గుచ్చిన బరువు. మురుగు చాంబరు మీద షెడ్డు నేల వేస్తే, గొట్టం మూసుకుపోయిన రోజున ఆ నేలను పగలగొట్టడమే మార్గం. చాంబరును షెడ్డు వెలుపలికి మార్చుకోవాలి, లేదా మూత తెరుచుకొనేలా నేలలో ఇమడ్చాలి.

బోరుబావి విషయం మరీ తలచుకోదగినది. బోరు ఎండినప్పుడు లోతు పెంచాలన్నా, పూడిక తీయాలన్నా యంత్రం లారీ మీద రావాలి. మోటారు పైకి తీయాలన్నా పైపులు నిలువుగా లేవాలి. ఇంటి వెనుక బోరు, ముందు పక్కా షెడ్డు ఉంటే లారీ రాదు, పైపు లేవదు. నీటికి బోరునే నమ్ముకొన్న పేటల్లో ఇది చిన్న సంగతి కాదు. బోరు షెడ్డు కిందికి రాక తప్పదనుకొంటే, ఆ చోట కప్పు విప్పడానికి వీలయ్యే రేకు ఉండాలి గాని సిమెంటు పలక ఉండరాదు.

తల మీద కరెంటు తీగలున్నాయి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నియమాల ప్రకారం, ఇళ్ళకు కరెంటు ఇచ్చే సాధారణ తీగ నుంచి కట్టడానికి పక్కగా 1.2 మీటర్లు, పైన 2.5 మీటర్ల ఎడం ఉండాలి. 11 కిలోవోల్టుల తీగకు పక్క ఎడం అంతే గాని పై ఎడం 3.7 మీటర్లు. షెడ్డు ఎత్తు తక్కువ కనుక ఇబ్బంది లేదనుకోరాదు. ఇబ్బంది దాని కప్పు మీదికి ఎక్కి రేకులు బిగించే మనిషికి వస్తుంది. చేతిలో ఆరు మీటర్ల ఇనుప పైపుతో ఒక్కసారి వెనుదిరిగితే చాలు. తీగ దగ్గరలో పని ఉంటే, ఆ కాసేపు సరఫరా ఆపమని విద్యుత్ సరఫరా సంస్థ స్థానిక కార్యాలయాన్ని ముందుగా కోరాలి.

చెట్టు అడ్డు వస్తే, అది సొంత ఆవరణలోనిదైనా, 1976 కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం కింద వృక్షాధికారి అనుమతి కావాలి. షెడ్డును అడుగు పక్కకు జరిపి చెట్టును ఉంచుకొనే మార్గం ఉన్నదేమో ముందుగా చూడటం ఉచితం.

కట్టుబడి

ఇక్కడి ఎర్రనేలలో షెడ్డు వంటి తేలిక కట్టడానికి లోతైన పునాది అక్కరలేదు. చెరువు పూడ్చిన నేల, మట్టి పోసి ఎత్తు చేసిన నేల అయితే మాట వేరు. అటువంటి చోట పాత ఇంటి పునాది కదలకుండా ఉన్నా, కొత్తగా కట్టిన షెడ్డు కుంగుతుంది. విడి షెడ్డుకున్న ఒక మేలు ఇదే: ఇంటి గోడకు అతకదు కనుక అది కుంగినా ఇంటికి పగులు పారదు. ఆ మేలు దక్కాలంటే రెండింటి మధ్య ఎడం నిజంగా ఎడంగానే ఉండాలి. వాన తడవకుండా ఇంటి నుంచి షెడ్డు దాకా రేకు కప్పితే, నియమాల లెక్కలో షెడ్డు ఇంటిలో భాగమని తేలవచ్చు.

ఇంటి కిటికీలు, స్నానాల గది గాలి కంతలు, వంటగది పొగ గొట్టం షెడ్డు వైపు తెరుచుకొని ఉంటే ఎడం మరింత పెంచాలి. కారు పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. మూసిన షెడ్డులో ఇంజను నడుస్తూ ఉండగా నిద్రపోయినవారు లేవకపోవడం వినని సంగతి కాదు. షట్టరుకు ఎదుటి గోడలో నేలకు దగ్గరగా ఒక జాలీ, కప్పుకు దగ్గరగా మరొక జాలీ ఉంచితే గాలి తనంత తాను తిరుగుతుంది. పెట్రోలు డబ్బాలు, వంటగ్యాసు సిలిండర్లు, దీపావళి మిగులు టపాకాయలు షెడ్డులో దాచరాదు. షెడ్డు కట్టిన ఆరు నెలలకు కారు బయట, పాత సామాను లోపల ఉండటం చాలా ఇళ్ళలో కనబడే వింత.

కరెంటు కారు కొనే ఆలోచన ఉన్నవారు నేల వేయక ముందే తీగ కోసం గొట్టం పరిపించుకోవాలి. ఇంటి పదిహేను ఆంపియర్ల సాకెట్టుతో ఛార్జి చేస్తే మూడు కిలోవాట్లకు కొంచెం పైన లాగుతుంది. 40 యూనిట్ల బ్యాటరీ నిండటానికి పన్నెండు గంటలు. గోడకు బిగించే ఛార్జరు ఏడు కిలోవాట్ల పైన లాగుతుంది. ఇంటికి మంజూరైన లోడు దానికి చాలకపోతే పెంచమని ముందుగా దరఖాస్తు చేయాలి. మెయిన్ బోర్డు నుంచి దానికంటూ విడి తీగ, సరైన ఎర్తింగు, కరెంటు నేలకు కారితే క్షణంలో ఆపే బ్రేకరు ఉండాలి. ఇంటి కిటికీ నుంచి లాగిన ఎక్స్‌టెన్షను వైరుతో కారు ఛార్జి చేయడం ఏ కోశానా క్షేమం కాదు.

కప్పు మీది వాన నీరు సొంత నేల మీదే పడాలి. వాలు పక్కింటి వైపు ఉంటే తగాదాకు అంతకంటే వేరే కారణం అక్కరలేదు. నగరంలో ఏటా దాదాపు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో సెప్టెంబరు, అక్టోబరు నెలల వాటా ఎక్కువ. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. పద్దెనిమిది చదరపు మీటర్ల కప్పు నుంచి, ఆవిరి, చిందులు పోగా, ఏటా 14 వేల లీటర్ల పైన పట్టుకోవచ్చు. 2009 సవరణ తరువాత ముప్పై–నలభై, అంతకు మించిన సైట్లలో కొత్త ఇళ్ళకు వాననీటి సేకరణ తప్పనిసరి. ఇంటి సేకరణ గొట్టానికే షెడ్డు గొట్టాన్నీ కలిపితే ఖర్చు స్వల్పం.

కాగితాలు

అనుమతి కోసం వెళ్ళేవారు ముందుగా తెలుసుకోవలసింది ఎక్కడికి వెళ్ళాలన్నదే. 2025 సెప్టెంబరు 2 నుంచి పాత మహానగర పాలికె స్థానంలో కేంద్ర, ఉత్తర, దక్షిణ, తూర్పు, పశ్చిమ అనే అయిదు నగరపాలికలు ఏర్పడ్డాయి. పన్ను రసీదు మీద పాత వార్డు సంఖ్య ఉన్నా, ఇప్పుడు ఇల్లు ఏ నగరపాలిక కిందికి వస్తుందో చూసుకోవాలి.

కావలసిన పత్రాలలో క్రయపత్రం, ఖాతా, తాజా పన్ను రసీదు, ఇంటికి మునుపు మంజూరైన ప్లాను ముఖ్యమైనవి. నమోదైన ఇంజనీరు లేదా ఆర్కిటెక్టు పాత ప్లాను మీద షెడ్డును చేర్చి, హద్దుల నుంచి ఎడం కొలతలు వేసి కొత్త పటం గీస్తారు. కన్నడ క్రయపత్రంలో ‘చక్కుబంది’ అన్న శీర్షిక కింద నాలుగు దిక్కుల హద్దులు ఉంటాయి. ఆ కొలతలు నేల మీది ప్రహరీతో సరిపోతున్నాయో లేదో టేపు పట్టి చూడటం మొదటి పని. అడుగు తేడా ఉన్నా దానిని సర్వేతో సరిచేసుకొన్నాకే ముందుకు పోవాలి.

‘ఖాతా’ అన్న మాట తెలుగువారిని కొంత తికమక పెడుతుంది. బ్యాంకు ఖాతా, పద్దుల ఖాతా తెలిసినవారు ఇక్కడ దానిని యాజమాన్య పత్రంగా పొరబడతారు. ఇక్కడ కూడా దాని అసలు అర్థం అదే: ఆ ఆస్తి పన్ను ఎవరి పేరున జమ అవుతుందో చూపే పద్దు. యాజమాన్యానికి ఆధారం క్రయపత్రమే. బి-ఖాతా పుస్తకంలో నమోదైన ఆస్తి, ఏదో ఒక నియమలోపం ఉండి పన్ను కోసం మాత్రమే లెక్కలో చేరినది. దానికి ప్లాను మంజూరు సాధారణంగా దొరకదు కనుక, షెడ్డు మాట తరువాత, ఖాతా సంగతి ముందు చూసుకోవాలి. 2024 అక్టోబరు నుంచి ఆస్తి రిజిస్ట్రేషనుకు ఈ-ఖాతా కావలసి వస్తున్నది. ఇంకా తీసుకోనివారు ఈ పనితో పాటే తీసుకోవచ్చు.

చిన్న ఇళ్ళ ప్లాన్ల కోసం 2024లో మొదలైన ‘నంబికె నక్షె’ పద్ధతి పేరు తెలుగు చెవికి కొత్త కాదు. నమ్మిక, నక్షా అన్న మన మాటలే అవి. గుర్తింపు పొందిన ఆర్కిటెక్టు లేదా ఇంజనీరు గీసి సమర్పించిన పటాన్ని నమ్మి ముందు అనుమతి ఇచ్చి, తరువాత తనిఖీ చేయడం దాని సారం. నమ్మిక మీద ఇచ్చినది కనుక తనిఖీలో తేడా కనబడితే అనుమతి రద్దవుతుంది. పటంలో మూడు మీటర్లు చూపి నేల మీద నాలుగు కట్టమని ఇంజనీరును ఒత్తిడి చేసే యజమాని తన కాగితాన్ని తానే చెల్లకుండా చేసుకొంటున్నాడు.

అద్దె ఇంట్లో ఉన్నవారు సొంత ఖర్చుతో షెడ్డు వేసుకొందామనుకొంటే, దరఖాస్తు యజమాని పేరుననే పోవాలి. యజమాని విదేశంలో ఉంటే ఆయన ఇచ్చిన అధికారపత్రం జతపరచాలి. ఖాళీ చేసేటప్పుడు షెడ్డు ఎవరిదన్నది అద్దె ఒప్పందంలో ఒక వాక్యంగా రాసుకోవడం ఉభయులకూ మేలు.

షెడ్డు పూర్తయ్యాక పెరిగిన కట్టుబడి వైశాల్యాన్ని ఆ ఏడాది స్వయం మదింపు పన్ను పత్రంలో చేర్చాలి. వాహనం నిలపడానికి విడిచిన వైశాల్యాన్ని ఇంటి నిర్మాణ పరిమితి లెక్కలో కలపరు. ఆ మినహాయింపు కారు ఉన్నంత వరకే. షట్టరు ఎత్తి టిఫిను దుకాణానికి అద్దెకు ఇచ్చినా, మధ్యలో గోడ పెట్టి ఒంటి గదిగా మార్చినా మినహాయింపు పోయి, మంజూరైన ప్లానుకు విరుద్ధమైన కట్టడం అవుతుంది. కారు మళ్ళీ వీధిలోకే వస్తుంది. మంజూరైన పటం నకలు ఒకటి ఇంట్లో, మరొకటి క్రయపత్రంతో పాటు ఉంచుకోవాలి. తనిఖీకి వచ్చినవారు మొదట అడిగేది దానినే.